పగులు నేర్పిన లెక్క

(డాక్టర్ కె.ఎల్. రావు స్మృతికి అంకితంగా చేసిన స్మారకోపన్యాసం పాఠం)

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో నార్‌ఫోర్క్ అనే డ్యాం ఒకటుంది. 1940ల తొలి ఏళ్లలో కట్టారు. గ్రావిటీ డ్యాం, అంటే తన బరువుతోనే నీటిని నిలబెట్టే రకం. దాన్ని అడ్డంగా కోసి చూస్తే నడిమధ్యన ఒక నిలువు పగులు. కాంక్రీటు చల్లారే క్రమంలో వచ్చిందని ఇంజనీర్లకు తెలుసు. తెలియనిది మరొకటి ఉంది. ఈ పగులు ఉండగా జలాశయం నిండితే లోపలి ఒత్తిళ్లు ఎటు మళ్లుతాయి? చేతిలెక్కకు లొంగే ప్రశ్న కాదది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఆ పనిని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది.

అక్కడ రే క్లఫ్ అనే ఆచార్యుడు, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఆయన శిష్యుడు డ్యాంనూ, దాని కింది రాతినీ చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టి, పగులును కూడా ఆ అల్లికలోనే చేర్చి, నీటిమట్టం పెరిగేకొద్దీ ఏమవుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టారు. నివేదిక 1962లో వచ్చింది. విమానాల రెక్కల కోసం పుట్టిన ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టింది క్లఫే, 1960లో. అది ఒక అసలైన సివిల్ కట్టడం మీద పనిచేసిన తొలి సందర్భాల్లో నార్‌ఫోర్క్ ఒకటి. ఈ రోజు హైదరాబాద్‌లో ఏ డిజైన్ ఆఫీసులో కూర్చున్న కుర్రవాడైనా మౌస్ నొక్కి రంగురంగుల బొమ్మ తెప్పిస్తున్నాడంటే, ఆ విద్య ముత్తాతల్లో పగిలిన డ్యాం ఒకటుందని గుర్తుంచుకోవాలి.

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఆ వంశవృక్షం గురించే. కాంక్రీటు పగులును లెక్కకట్టే విద్యలో ముందడుగులు చాలావరకు ఎక్కడో ఒక కట్టడం పగిలాకే పడ్డాయి. కట్టడం ముందు పగిలింది, సూత్రం ఆ వెనక వచ్చింది.

కానూరి లక్ష్మణరావు పేరు మీద ఈ మాట చెప్పడం సబబే. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు చేసి, రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పాఠ్యగ్రంథం రాసిన మనిషి ఆయన. 1963 నుంచి పదేళ్లపాటు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు చూశారు. పులిచింతల జలాశయానికి ఇప్పుడు ఆయన పేరే. అయితే ఆయన పేరు చెప్పగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చే నాగార్జునసాగర్ కాంక్రీటు డ్యాం కాదు, రాతికట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తు. రాతికట్టడపు డ్యాంలలో ప్రపంచంలోనే ఎత్తయినది. కాంక్రీటు మీద పుస్తకం రాసిన ఇంజనీరు రాతి డ్యాంతో గుర్తుండిపోవడం కాస్త విచిత్రంగానే ఉంటుంది. కూలీలు వేలల్లో దొరకడం, యంత్రాలూ సిమెంటూ ఆ రోజుల్లో బంగారమంత ప్రియం కావడం అందుకు తెలిసిన కారణాలు. తక్కువగా చెప్పుకునే లాభం ఇంకొకటుంది. రాతికట్టడంలో ఘనపరిమాణంలో అధిక భాగం రాయే. రాయికి వేడి పుట్టించే గుణం లేదు. కట్టుబడి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి సున్నమో సిమెంటో పుట్టించిన కొద్దిపాటి వేడి కూడా బయటకు పోయేందుకు తీరిక ఉంటుంది.

ఆ వేడి దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

సిమెంటు నీటితో కలిస్తే గట్టిపడటమే కాదు, వేడెక్కుతుంది కూడా. ఘనమీటరు కాంక్రీటులో ప్రతి 100 కిలోల సిమెంటుకూ, వేడి బయటకు పోయే దారి లేకపోతే, ఉష్ణోగ్రత సుమారు 12 డిగ్రీలు పెరుగుతుందని మేస్త్రీ లెక్క. ఇంటి స్లాబులో ఇది ఎవరికీ పట్టదు, రాత్రికి రాత్రి చల్లారిపోతుంది. మందం పెరిగితే మాత్రం వ్యవహారం మారిపోతుంది. చల్లారే కాలం మందానికి వర్గంగా పెరుగుతుంది. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఉదాహరణ ఇది: 15 సెంటీమీటర్ల గోడకు గంటన్నర చాలు; మీటరున్నర గోడకు వారం కావాలి; 15 మీటర్లయితే రెండేళ్లు; 150 మీటర్ల మందమైతే రెండు వందల ఏళ్లు. అక్బర్ కాలంలో అంత మందాన ఒకేసారి పోసిన కాంక్రీటు షాజహాన్ తాజ్‌మహల్ కట్టేనాటికీ చల్లారి ఉండేది కాదు.

వేడి ఉన్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. పేచీ అంతా చల్లారేటప్పుడే. కాంక్రీటు డిగ్రీకి మీటరులో పది మైక్రానుల చొప్పున కుంచించుకుంటుంది. అడుగున రాయి దాన్ని కుంచించుకోనివ్వదు. ఎండాకాలం చెరువు అడుగున పైమట్టి ముడుచుకుంటుంటే కింది తడిమట్టి కదలనివ్వక నెర్రెలిచ్చినట్టే ఇక్కడా జరుగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు వీరుడు, లాగుడుకు పిరికివాడు. పూర్తిగా కట్టిపడేసి ఉంచితే కేవలం పది డిగ్రీల చల్లదనం దాన్ని చీల్చగలదు. ఒక్క ఊరట ఏమిటంటే, లేత కాంక్రీటు కాస్త జారుడు స్వభావం కలది. నెమ్మదిగా లాగితే సర్దుకుంటుంది, ఒత్తిడిలో కొంత భాగం తనంతట తానే సడలిపోతుంది. ఎంత సడలుతుందో లెక్కకట్టలేక తల పట్టుకున్నవాళ్లు ఇంజనీర్లలో ఎందరో.

అమెరికాలో హూవర్ డ్యాం కట్టినవాళ్లకు కంప్యూటర్ లేదు. 221 మీటర్ల ఎత్తు, డ్యాంలో సుమారు 25 లక్షల ఘనమీటర్ల కాంక్రీటు. ఒక్క ముద్దగా పోస్తే చల్లారడానికి నూరేళ్లు దాటుతుందని కాగితం, పెన్సిళ్లతోనే తేల్చుకున్నారు. ఒరెగాన్‌లోని ఒవైహీ డ్యాంలో పైపులు పెట్టి చల్లార్చే పద్ధతిని 1931లో పరీక్షించి చూసుకున్నారు. ఆ పరీక్షే ధైర్యం ఇచ్చింది. 1933 జూన్‌లో హూవర్‌లో తొలి బకెట్ పడింది. డ్యాంను నిలువు దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కో దిమ్మెనూ ఐదేసి అడుగుల పొరలుగా (లిఫ్టులుగా) పోశారు. ప్రతి లిఫ్టు మీదా అంగుళం పైపుల్ని పరిచారు, మొత్తం 900 కిలోమీటర్లకు పైగా. వాటిలో మొదట నది నీళ్లు, తర్వాత శీతలీకరణ ప్లాంటు నుంచి వచ్చిన చల్లటి నీళ్లు పారించారు. దిమ్మెలు కుంచించుకుని మధ్య సందులు విచ్చుకున్నాక వాటిలోకి గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద) ఎక్కించారు, చివరికి ఆ పైపుల్నీ గ్రౌటుతోనే మూసేశారు. పగులును ఆపాలని చూడలేదు వాళ్లు. ఎక్కడ విడిపోవాలో ముందే గీత గీసి, అక్కడే విడిపోనిచ్చి, ఆ తర్వాత అతికించారు. ఆ డ్యాంలో కూలీల శవాలు కాంక్రీటులో ఇరుక్కుని ఉన్నాయన్న కథ మాత్రం ఒట్టిది. ఐదడుగుల చొప్పున నలుగురి కళ్ల ముందు పరిచే పనిలో మనిషి మాయమయ్యే వీలు లేదు.

మన దగ్గర ఈ గొడవ మరీ తీవ్రం. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి ఒడ్డున కంకర గుట్ట మీద చెయ్యి పెట్టలేం. ఆ కంకరతో కలిపిన కాంక్రీటు సిమెంటు పని మొదలెట్టక ముందే వేడిగా ఉంటుంది. అందుకే పోలవరం లాంటి చోట చిల్లింగ్ ప్లాంటు, ఐసు ప్లాంటు తప్పనిసరి. కలిపే నీటిలో కొంత భాగం బదులు ఐసు పెళ్లలు వేస్తారు. కిలో ఐసు కరగడానికి పీల్చుకునే వేడి 80 కిలోల నీటిని ఒక డిగ్రీ చల్లార్చినంత. 2019 జనవరిలో పోలవరంలో ఒక్క రోజులో 32 వేల ఘనమీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. పత్రికలన్నీ ఆ అంకెనే మొదటి పేజీలో వేశాయి. ఆ కాంక్రీటు ఎన్ని డిగ్రీల దగ్గర పడింది, మూడో రోజు దాని నడిమధ్యన ఎంత వేడి ఉంది అన్న అంకెలు కూడా అంతే శ్రద్ధగా అచ్చయి ఉంటే ఈ ఉపన్యాసకుడు ఇంకా సంతోషించేవాడు.

వేడిని లెక్కకట్టడం నిజానికి సులువైన సగం. ఫూరియే సమీకరణం రెండు వందల ఏళ్ల నాటిది, కంప్యూటర్ దాన్ని చిటికెలో తేల్చేస్తుంది. కష్టమైన సగం పగులు.

మొదట్లో అందరూ అనుకున్నది చాలా సరళం. ఎక్కడ లాగుడు కాంక్రీటు ఓర్పును మించుతుందో అక్కడ పగులుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ వచ్చాక 1967లో న్గో, స్కార్డెలిస్ అనే పరిశోధకులు పగులును రెండు ఎలిమెంట్ల మధ్య సందుగా చూపారు. మరుసటేడు రషీద్ దాన్ని ఎలిమెంటు అంతటా పులిమేశాడు. అంటే పగిలిన చోట పదార్థం ఆ దిశలో మెత్తబడిందని చెప్పడమే. రషీద్ పద్ధతి కంప్యూటర్‌కు హాయి, కాబట్టి అదే చెల్లుబాటయింది. తర్వాత ఒక చేదు నిజం బయటపడింది. అదే డ్యాంను పెద్ద గడులతో, అంటే పెద్ద ఎలిమెంట్లతో, గీస్తే ఒక జవాబు, చిన్న గడులతో గీస్తే మరో జవాబు. గడులు చిన్నవయ్యేకొద్దీ పగులు పాకడానికి కావలసిన శక్తి తగ్గుతూ తగ్గుతూ సున్నా వైపు పోతోంది. ఇంజనీరు పెన్సిల్ ఎంత సన్నగా ఉంటే డ్యాం అంత బలహీనమన్నమాట!

ఈ ముడి విప్పింది స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన హిల్లర్‌బోర్గ్ బృందం, 1976లో. కాంక్రీటు గాజులా ఒక్క దెబ్బకు చీలిపోదు. పగులు కొన దగ్గర సన్నటి నెర్రెలు, వాటిని దాటి ఇంకా పట్టుకుని ఉన్న కంకర రాళ్లు, ఈ రెండూ కలిసిన ఒక పట్టీ ఉంటుంది. పగులు కొద్దిగా విచ్చుకున్నా ఆ పట్టీ లాగుడును కొంతమేర మోస్తూనే ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు స్థాయికి విచ్చుకుంటే గానీ పూర్తిగా చేతులెత్తేయదు. కాబట్టి కొలవాల్సింది ఓర్పు ఒక్కటే కాదు, చదరపు మీటరు పగులు తెరవడానికి ఖర్చయ్యే శక్తి కూడా. బజాంత్, ఓ అనే ఇద్దరు 1983లో ఆ శక్తిని గడి వెడల్పుతో ముడిపెట్టేసరికి గడుల పేచీ చాలావరకు తీరింది. మరుసటేడే బజాంత్ మరో మాట తేల్చాడు. ఒకే ఆకారంలో ఉన్నా పెద్ద కట్టడం చిన్న నమూనా కంటే తక్కువ ఒత్తిడికే విరుగుతుంది. ప్రయోగశాలలో గుప్పెడంత దిమ్మె చెప్పే మాటను డ్యాంకు యథాతథంగా అంటించకూడదన్నమాట.

దిమ్మె మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. డ్యాం కాంక్రీటులో కంకర 150 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, పిల్లవాడు రెండు చేతులతో ఎత్తే రాళ్లు. మన క్యూబ్ టెస్ట్ అచ్చు భుజం కూడా 150 మిల్లీమీటర్లే. ఆ రాయి ఆ అచ్చులో పట్టదు. అందుకని తడి కాంక్రీటును జల్లెడ పట్టి 40 మిల్లీమీటర్లకు పైబడిన రాళ్లు ఏరేసి, మిగిలిందాన్ని అచ్చులో కుదించి, ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో నలిపి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాస్తారు. రాసింది వేరే కాంక్రీటు గుణం. అనుభవజ్ఞులకు ఈ సంగతి తెలుసు, సర్దుబాటు గుణకాలు వేసుకుంటారు. లెక్కలు వేసే యువకులకు మాత్రం ఆ అంకె కంప్యూటర్‌లోకి వచ్చేసరికి దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవు.

ఇక కొయినా. ప్రపంచంలో పగుళ్ల మీద పనిచేసే ఏ పరిశోధకుడికీ పరిచయం అక్కర్లేని పేరు. మహారాష్ట్రలోని ఈ 103 మీటర్ల డ్యాం దిగువ ముఖం వాలు ఒకచోట చటుక్కున మారుతుంది, అడుగు నుంచి సుమారు 66 మీటర్ల ఎత్తున. మామూలు గ్రావిటీ డ్యాంకు ఉండే పొందిక దీనికి లేదు, తల బరువెక్కువ. భూకంపాల బెడద లేని ప్రాంతమని అప్పట్లో నమ్మకం. గురుత్వంలో నూరింట ఐదు వంతుల అడ్డుబలాన్ని కదలకుండా ఉండేదిగా లెక్కలో తీసుకుని డిజైన్ చేశారు. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున నాలుగు గంటల ఇరవై నిమిషాలకు భూమి కంపించింది. ఊళ్లలో సుమారు 180 మంది చనిపోయారు. డ్యాం గ్యాలరీలో ఉన్న కంపన మాపకం ఆ కుదుపును రాసిపెట్టింది, డిజైన్ అంకెకు అది ఎన్నో రెట్లు. నీళ్లు పొర్లని ఎత్తయిన మోనోలిత్‌లలో (విడివిడి కాంక్రీటు దిమ్మెలలో) చాలావాటికి సరిగ్గా ఆ వాలు మారే మెడ దగ్గరే అడ్డపగుళ్లు వచ్చాయి, ఎగువ ముఖం మీదా దిగువ ముఖం మీదా.

డ్యాం మాత్రం నిలిచింది. జలాశయం ఖాళీ కాలేదు. పగుళ్లలోకి గ్రౌటు ఎక్కించారు, కేబుళ్లతో బిగించారు, ఆ తర్వాత దిగువన కాంక్రీటు బట్రెస్‌లు కట్టి తల బరువుకు ఆసరా ఇచ్చారు.

శాస్త్రానికి దొరికిన నిధి ఏమిటంటే, కారణమూ ఫలితమూ రెండూ చేతిలో ఉన్నాయి. ఎంత కుదిపిందో రికార్డు ఉంది, ఎక్కడ పగిలిందో కంటికి కనిపిస్తోంది. బర్క్‌లీలో ఆచార్యుడిగా ఉన్న అనిల్ చోప్రా, చక్రవర్తి అనే సహచరుడితో కలిసి 1973లో ఆ కుదుపును డ్యాం నమూనాకు ఇచ్చి చూశారు. మెడ దగ్గర లాగుడు కాంక్రీటు ఓర్పును బాగా మించిపోయింది, నమూనా వేలుపెట్టి చూపింది అక్కడే. అప్పటి నుంచీ కొత్త పగులు సిద్ధాంతం ఏది వచ్చినా మొదట కొయినా పరీక్ష రాయాల్సిందే. 1998లో లీ, ఫెన్వ్స్ ప్రకటించిన డ్యామేజి మోడల్‌కూ అదే పరీక్ష. ఆ మోడల్‌ను వాడే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ ఒకదాని పాఠాల్లో ఈ రోజుకీ కొయినా ఒక అభ్యాసం. సతారా జిల్లా కొండల్లోని డ్యాంను ఒక్కసారి కూడా చూడని విద్యార్థులు చైనాలో, ఇరాన్‌లో, కెనడాలో దాని మెడను లక్షసార్లు విరగ్గొట్టి ఉంటారు.

ఇన్ని మంచి నమూనాలు వచ్చాక ఇక భయం లేదనుకునేవాళ్లకు నార్వేలో జరిగింది చెప్పాలి. 1991 ఆగస్టు 23న స్టావాంజర్ దగ్గర సముద్రపు పాయలో స్లైప్‌నర్-ఎ చమురు వేదికకు చెందిన కాంక్రీటు పీఠాన్ని పరీక్ష కోసం నీటిలోకి మెల్లగా దించుతున్నారు. స్తంభాల్లాంటి 24 గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మహాకాయం. సుమారు 65 మీటర్ల లోతున పెద్ద చప్పుడు. గదుల మధ్య ముక్కోణపు సందు గోడ ఒకటి పగిలి నీరు లోపలికి దూసుకొచ్చింది. మనుషులంతా బయటపడ్డారు. పీఠం మునిగి అడుగున పడిన అదురుకు భూకంప యంత్రాలు 3 తీవ్రత చూపాయి. నష్టం 70 కోట్ల డాలర్లని అంచనా. విచారణలో తేలిందేమిటంటే, ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో ఆ మూల గడులు మరీ మొరటుగా, ఒంకరగా పడ్డాయి. గోడలో కోత బలం 47 శాతం తక్కువగా వచ్చింది. దానికి తగ్గట్టే ఇనుమూ తక్కువ పడింది. తర్వాత జాగ్రత్తగా లెక్కిస్తే 62 మీటర్ల దగ్గర విరగాలని వచ్చింది. మంచి లెక్క అంత దగ్గరగా చెప్పగలదు. చెడ్డ లెక్క కూడా అంతే అందంగా రంగుల్లో ప్రింటవుతుంది.

కాలక్రమంలో వచ్చే పగుళ్లది ఇంకో దారి. కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ 1940లో చెప్పిన ఆల్కలీ చర్య అలాంటిది. కొన్ని రకాల కంకర సిమెంటులోని క్షారంతో కలిసి ఏళ్ల తరబడి ఉబ్బుతూ ఉంటుంది. అమెరికాలోని ఫాంటానా డ్యాంలో 1972లో పగులు కనబడితే, ఉబ్బుకు చోటివ్వడానికి 1976లో డ్యాంనే పైనుంచి రంపంతో కోశారు. మన దేశంలో రిహాండ్, హిరాకుడ్‌లకూ ఇదే జబ్బు. దీని నమూనాలో వేడి, తేమ, రసాయనం, పగులు నాలుగూ ఒకేసారి నడవాలి.

ఇలా పగిలిన కట్టడం కోసం ఎదురుచూడటమేమిటి, మనమే ఒకటి కట్టి ముసలిదాన్ని చేద్దాం అనుకున్నారు ఫ్రాన్స్‌లో. పారిస్‌కు దగ్గరలో విద్యుత్ సంస్థ ఇ.డి.ఎఫ్. అణురియాక్టర్ చుట్టూ ఉండే కాంక్రీటు కవచాన్ని మూడో వంతు కొలతలో కట్టింది. దాని పేరు వెర్కోర్స్. గోడ మందం 40 సెంటీమీటర్లు, లోపల 700కు పైగా సెన్సార్లు. ఎండే కాలం కూడా మందానికి వర్గంగా మారుతుంది కాబట్టి ఈ బుల్లి కవచానికి ఒక ఏడు అసలుదానికి తొమ్మిదేళ్లతో సమానం. ఏడేళ్లలో అరవై ఏళ్ల వృద్ధాప్యం చూడొచ్చు. దీనిలో తెలివైన పని ఇంకొకటి చేశారు. కొలతలు బయటపెట్టక ముందే ప్రపంచంలోని పరిశోధక బృందాల్ని పిలిచి, ఏం జరగబోతోందో లెక్కకట్టి చెప్పమన్నారు. ఇచ్చిన సమాచారం అందరికీ ఒకటే, వచ్చిన జవాబులు మాత్రం ఒకదానికొకటి దూరంగానే పడ్డాయి. తమ జవాబు తప్పని తేలే అవకాశం ఉన్న పందేనికి పండితులు సిద్ధపడటం ఈ రంగంలో ఆరోగ్యకరమైన లక్షణం.

చైనావాళ్లు మరో దారి పట్టారు. త్రీ గోర్జెస్ డ్యాం రెండో దశలో ఎగువ ముఖం మీద నిలువు పగుళ్లు బయటపడి పెద్ద రభసే అయింది. తర్వాతి దశలో కంకరను చల్లగాలితో చల్లబరిచి, ఐసు కలిపి పోశారు. బైహెతాన్‌లో 289 మీటర్ల ఆర్చి డ్యాం మొత్తానికి తక్కువ వేడి పుట్టించే సిమెంటే వాడారు. ఈ పట్టుదల వెనక, కాంక్రీటు ఉష్ణ ఒత్తిళ్ల మీదే జీవితం గడిపిన ఝు బోఫాంగ్ లాంటి ఇంజనీర్ల దశాబ్దాల లెక్కలున్నాయి.

మన దేశంలో 2021 డిసెంబరులో డ్యాం భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద డ్యాంలన్నిటికీ స్వతంత్ర నిపుణుల చేత సమగ్ర పరీక్ష జరగాలి. ఆ నివేదికల్లో ఫైనైట్ ఎలిమెంట్ బొమ్మలు తప్పకుండా ఉంటాయి. చదివేవాళ్లు బొమ్మ కంటే ముందు దాని వెనక పేజీ అడగాలి. గడులు సగానికి తగ్గించి మళ్లీ లెక్కించారా? పగులు శక్తి విలువ ఎక్కడి నుంచి తెచ్చారు, ఈ డ్యాం నుంచా, పుస్తకం నుంచా? గ్యాలరీలో ఊట కొలతలు, లోలకపు కదలికలు, థర్మామీటరు రీడింగులు నమూనాతో పోల్చారా, లేక బీరువాలోనే ఉన్నాయా?

నాగార్జునసాగర్ లాంటి రాతికట్టడానికి ఈ ప్రశ్నలు రెట్టింపు కష్టం. రాయికీ, దాని చుట్టూ ఉన్న మోర్టారుకూ, రెండింటి మధ్య అతుకుకూ విడివిడి గుణాలుంటాయి. ఏ విదేశీ పుస్తకంలోనూ ఆ అంకెలు దొరకవు. డ్యాం నుంచి కోర్లు తీసి కొలవాల్సిందే. 100 మిల్లీమీటర్ల కోరు తీస్తే అది మొత్తం ఒకే రాయిలోంచి వచ్చి, అతుకు జాడే లేకుండా, అద్భుతమైన బలం చూపించవచ్చు. అందుకే కోరు ఎంత లావుండాలి, ఎన్ని తీయాలి, అడ్డంగా తీయాలా నిలువుగానా అన్నది డ్రిల్లింగ్ కాంట్రాక్టరుకు వదిలేయకుండా లెక్క వేసే మనిషే వెళ్లి, గ్యాలరీలో నిలబడి సుద్దతో గుర్తు పెట్టి చెప్పాలి.